సముద్రంలోకి జరిపిన సూర్యుడు

కేలండర్ చేతికొచ్చిన రోజున దర్శినికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆమెకు ముక్కు మీదే కోపమని తమిళనాడు రాజపాళయంలో ఆమె చేత పెళ్ళి ఫోటోలు తీయించుకున్న వాళ్ళందరికీ తెలుసు. దండలు మార్చుకునేటప్పుడు ఎవరి చిన్నాన్నో సెల్‌ఫోను పట్టుకుని అడ్డం వస్తే మంటపంలోనే కడిగేస్తుంది. అయినా పని శుభ్రంగా ఉంటుందని పిలుస్తారు. డ్రోను ఎగరేసే ఆడమనిషి చుట్టుపక్కల ఇంకెవరూ లేరన్న ముచ్చటతో కూడా పిలుస్తారు. కోపం వస్తుంది, పోతుంది. ఈసారి వచ్చింది మాత్రం పోలేదు.

ఆ కేలండర్ బాలగోపాల గారి మిల్లుది. ఆయన దర్శినికి పెదనాయన వరస. మిల్లులో ఆసుపత్రులకు కావలసిన బ్యాండేజి గుడ్డ నేస్తారు. ఏటా కొత్త సంవత్సరానికి ఆయన శివకాశిలో అచ్చు వేయించి, మూడువేల ఇళ్ళకు కేలండర్లు పంపిస్తారు. పైన పెద్ద పటం, కింద రోజుకొక కాగితం చింపుకునే కట్ట. ఆయన కేలండర్ గోడమీద లేని ఇంటికి పిల్లనివ్వరని ఊళ్ళో ఎగతాళి. ఈ ఏడాది పటం దర్శినిది. కింద తమిళంలో ‘సిప్పికాడు తీరాన సూర్యాస్తమయం, ఆగస్టు. ఫోటో: ఆర్. దర్శిని’ అని బంగారు అక్షరాలు.

పటంలో సూర్యుడు సముద్రంలో మునుగుతున్నాడు.

సిప్పికాడు ఉన్నది తూర్పు తీరంలో. అక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. భూమి పుట్టిన దగ్గర్నుంచి ఒక్క సాయంత్రం కూడా అందులో మునిగిన పాపాన పోలేదు.

అసలు ఆ తీరానికి ఎవరూ పోకపోవడానికి కారణమే అది. గుడి లేదు, హోటలు లేదు, సముద్రంలో సూర్యాస్తమయం లేదు. విళాత్తికుళం దాటి ముళ్ళకంపల మధ్య గతుకుల దారిలో గంట సేపు పోతే చిన్న ఇసుక గీత, దాని వెనక నలభై ఎకరాల ఉప్పు మడులు. అక్కడి వాళ్ళు ఉప్పళం అంటారు. ఒక పెళ్ళి పనికి పోతూ దారి తప్పి అక్కడ తేలింది దర్శిని. ఆ తర్వాత జులై, ఆగస్టుల్లో ఆదివారాలు పాత ఓమ్నీ వ్యాను వేసుకుని తనంతట తానే పోయింది. డ్రోనును సముద్రం మీదికి పంపి, వెనక్కి తిప్పి ఒడ్డు వైపు చూపించాలి. అదీ అక్కడి కిటుకు. ముందు నీలం తగ్గిపోతున్న సముద్రం, దాని తర్వాత సన్నటి ఇసుక, ఆ వెనక మడుల్లో నిలిచిన నీళ్ళన్నీ ఒక్కసారిగా కుంకుమ రంగు, చివర తాటిచెట్ల వెనక్కి దిగుతున్న సూర్యుడు. ఆ పటం దొరకడానికి ఆమెకు ఏడు ఆదివారాలు పట్టింది.

శివకాశిలో ఎవడో కంప్యూటరు ముందు కూర్చుని పది నిమిషాల్లో సూర్యుణ్ణి తీసి సముద్రంలో పెట్టాడు. మడులు తుడిచేసి వాటి చోట ఇసుక పరిచాడు. ఉప్పు గుట్టలు తీసేశాడు. దర్శిని పేరు మాత్రం పదిలంగా వదిలేశాడు.

ప్రెస్సుకు ఫోను చేసి దులిపేసింది. డిజైన్ చేసిన వసంత్ అనే అతను ఓపిగ్గా విని, మిల్లు సారే కూర్చోబెట్టి చేయించారని చెప్పాడు. వెంటనే బండి తీసింది. బాలగోపాల గారు మిల్లు ఆఫీసులో కాఫీ తాగుతున్నారు. ఆమె కోపం చూసి ఆయనకు నవ్వొచ్చింది.

“అమ్మా దర్శినీ, పొద్దు కుంకేదంటే సముద్రంలోనే తాన్ కుంకాల. కన్నియాకుమారిలో చూసినాము కదా? ఆ బురద మడుల్లో కుంకితే ఎవురు చూస్తారు? నీ పటాన్ని నేను బాగు చేయించినాను.”

ఆమెకు కూడా కాఫీ తెప్పించారు. ఆమె తాగలేదు. ఇంటికొచ్చి తల్లి పంకజం మీద అరిచింది. కూతురి అరుపులకు అలవాటుపడిన పంకజం వంకాయలు తరుగుతూనే, పెద్దాయన సరదా పడ్డాడు, పటంలో పొద్దు ఎటు కుంకితే ఎవరి సొమ్ము పోయిందని అడిగింది. తన పేరు పోయిందని దర్శిని చెప్పవచ్చు. కానీ బంగారు అక్షరాల్లో వేసిన పేరు పోయిందంటే ఎవరు నమ్ముతారు? పళ్ళు నూరుకుంది.

ఎవరి సొమ్ము పోయిందో ఎనిమిదో రోజున తెలిసింది.

సిప్పికాడు నుంచి తంగమ్మాళ్ ఫోను చేసింది. మడుల్లో పని చేసే తొమ్మిదిమంది ఆడవాళ్ళలో ఆమే పెద్దది. మొదటి ఆదివారం దర్శిని ఒడ్డున నిలబడి తల్లితో ఫోనులో తెలుగులో పోట్లాడుతుంటే విని, మీరు మన బాసనా అని దగ్గరికొచ్చింది. వాళ్ళదీ తెలుగు ఇల్లే. విళాత్తికుళం పక్కన నల్లరేగడిలో మిరప పండించుకున్న కుటుంబం. బావి ఎండి ఉప్పుకు దిగారు. మడులున్న నేల సర్కారుది. అత్తల కాలం నుంచి చేసుకుంటున్నారు గాని చేతిలో పట్టా కాగితం లేదు.

ఇప్పుడు ఒక రొయ్యల కంపెనీ ఆ నలభై ఎకరాలూ కౌలుకు ఇమ్మని సర్కారును అడిగింది. ఉత్త బీడు, ఎవరూ వాడడంలేదు అని రాసింది. పంచాయతీ ఆఫీసు గోడకు నోటీసు అంటించారు. అభ్యంతరాలు ఉంటే జనవరిలో తాలూకా ఆఫీసుకు వచ్చి చెప్పుకోవాలి. నోటీసు పక్కనే కంపెనీ పెట్టిన ఆధారాలు, వాటిలో రంగులతో మెరిసిపోతూ దర్శిని పటం.

“పాపా, నీ పటంలో మా ఉప్పళమే లేదే. పొద్దు కూడా తప్పుగా ఉండాదే. దాన్ని చూపించి, ఈడ ఎవురూ లేరు అంటా ఉండారు.”

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ కేలండర్ తీసి మళ్ళీ చూసింది. అక్టోబరు నుంచి జనవరి దాకా వానకాలం. అప్పుడు మడుల్లో వాననీళ్ళు నిలబడి అదొక పెద్ద గుంటలా ఉంటుంది. అధికారి వచ్చి చూసినా నీళ్ళే చూస్తాడు. పని నడిచే కాలంలో ఆ చోటు ఎలా ఉంటుందో పైనుంచి చూపించే పటం ఒక్కటే ఉంది. కింద ఆగస్టు నెల అని కూడా వేశారు. అందులో మడులు లేవు, ఉప్పు లేదు, మనుషులు లేరు. కంపెనీ మేనేజరుకు ఆ కేలండర్ ఎలా వచ్చిందంటే, అందరికీ వచ్చినట్టే వచ్చింది.

కంపెనీ మేనేజరు చూశాడు, వకీలు చూశాడు, ఆఫీసులో గుమస్తాలు చూశారు. తూర్పు సముద్రంలో సూర్యుడు మునుగుతున్నాడేమిటని ఒక్కడికీ తట్టలేదు. చదువుకున్న వాళ్ళు. ఉప్పు మోసే తొమ్మిదిమందికి మాత్రం చూడగానే తెలిసింది.

దర్శిని మళ్ళీ మిల్లుకు పోయింది. ఈసారి అరవలేదు. పటంలో మార్పులు చేయించినది తామేనని, అసలు పటం ఇది కాదని నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టి ఇమ్మని అడిగింది. జరిగిందంతా చెప్పింది. బాలగోపాల గారు విన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, అదే ఆమె ఒళ్ళు మండించే విషయం. చెడ్డవాడైతే తిట్టి వచ్చేది. ఊళ్ళో ఎంతోమంది పిల్లల చదువులకు సాయం చేసిన మనిషి. ఆ తొమ్మిదిమంది కష్టం విని నిజంగానే నొచ్చుకున్నారు. కావాలంటే వాళ్ళకు మిల్లులో పని ఇప్పిస్తానన్నారు. సంతకం మాత్రం పెట్టనన్నారు.

“మూడువేల ఇండ్లల్లో తగిలించినారు. నా కేలండర్ తప్పు అని నేనే కాయితం రాసి ఇస్తే ఊరు నవ్వుతుంది అమ్మా. నువ్వూ ఈడికి రాలేదు, నేనూ వినలేదు. మార్గళి నెల పోయినాంక మనుమరాలి పెండ్లి ఉండాది. ఆ పని చూసుకో.”

ఆ పెళ్ళి ఆమెకు ఏడాదిలో వచ్చే అన్ని పనుల కంటే పెద్దది. ఆయన బెదిరించలేదు, గుర్తు చేశారంతే. మెట్లు దిగుతూ దర్శిని గోడమీదున్న తన పటాన్ని చూసింది. కిందనుంచి పై దాకా చించెయ్యాలనిపించింది. ఇంకా రెండువేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది మిగులుతాయి.

సరే, ఆయన సంతకం ఎవడికి కావాలి అనుకుంది. అసలు పటం తన దగ్గరుంది. దాన్ని విచారణలో పెడితే మడులు కనిపిస్తాయి, సూర్యుడు ఎటు కుంకుతాడో కనిపిస్తుంది, అక్కడితో అబద్ధం చస్తుంది. స్టూడియోకు వచ్చి, షట్టరు సగం దించి, కంప్యూటరులో పటం తెరిచింది.

మడులున్నాయి. కుంకుమ రంగు నీళ్ళున్నాయి. మనుషులు లేరు.

పెద్దది చేసి చూసింది. ఒక్కొక్క గట్టునూ వెతికింది. పార లేదు, తట్ట లేదు, గుట్టల మీద కప్పే నీలం ప్లాస్టిక్ పట్టాలు లేవు. ఆ సాయంత్రం వాళ్ళు ఉన్నారు కదా. ఎండ తగ్గాక రెండో విడత ఉప్పు లాగుతున్నారు కదా. తనకు మజ్జిగ ఇచ్చారు కూడా. ఎటు పోయారు?

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, అదసలు మర్చిపోయేంత విషయంగా కూడా ఆమె మనసులో ఎప్పుడూ లేదు. పెళ్ళిళ్ళలో రోజుకు వందసార్లు అనే మాట. అక్కా, ఒక పది నిమిషాలు అట్లా గుట్ట వెనక్కి పోతారా, ఆ పట్టాలు కూడా తీస్తారా, ఫ్రేము క్లీనుగా ఉండాలి. వాళ్ళు ఒక్క మాట అనకుండా పనులు ఆపి, పట్టాలు మడిచి, తట్టలు ఎత్తుకుని గుట్ట వెనక్కి పోయి కూర్చున్నారు. పది నిమిషాలని చెప్పి బ్యాటరీ అయిపోయే దాకా ఎగరేసింది. పటం తీసి వాళ్ళకు చూపిస్తే తంగమ్మాళ్, ఎంత అందంగా ఉండాదో అంది. అంతకు ముందు ఆదివారాలు తీసినవి ఏవీ లేవు. మర్నాటి పెళ్ళికి చోటు కావాలని కెమెరా మెమరీ కార్డులు తుడిచేసింది.

ఎక్కడైనా ఒక చీర అంచు, ఒక చెయ్యి దొరుకుతుందేమోనని గంటసేపు వెతికింది. దొరకలేదు. ఆమె పని శుభ్రంగా ఉంటుందని ఊళ్ళో ఊరికే అనరు.

ఇన్ని రోజులుగా శివకాశి వాణ్ణి తిట్టింది, పెదనాయనను తిట్టింది, కంపెనీని తిట్టింది. వాళ్ళందరి కంటే ముందే మనుషుల్ని పటంలోంచి తీసేసింది తను. శివకాశి వాడికి కంప్యూటరు కావాల్సి వచ్చింది, తనకు ఒక మాట సరిపోయింది. ఆ కోపాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక కుర్చీని తన్నింది. కాలి బొటనవేలు వాచింది.

పంకజానికి చెప్పింది. ఆమె పొయ్యి ఆర్పి వచ్చి ఎదురుగా కూర్చుంది. తర్వాత, అసలు పటం పెడితే మడులైనా కనిపిస్తాయిగా, మిగతాది నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది అంది. దర్శిని ఆ దారి కూడా ఆలోచించింది. కానీ పాడుబడ్డ మడులని కంపెనీ వాళ్ళు అనడానికి ఎంతసేపు?

విచారణ తాలూకా ఆఫీసులో, ఫ్యాన్లు కిరకిరలాడే పొడవాటి గదిలో జరిగింది. సబ్ కలెక్టరు చిన్న వయసువాడు. కంపెనీ తరఫున వకీలు, మేనేజరు. వెనక బెంచీల మీద తొమ్మిదిమంది ఆడవాళ్ళు మంచి చీరలు కట్టుకుని వచ్చారు. దర్శిని పేరు పిలిచారు. కేలండరులో ఉన్న పటం తనదే గాని తాను తీసినప్పుడు అలా లేదని, తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలో కుంకడని చెప్పింది. సబ్ కలెక్టరు కేలండరును దగ్గరికి లాక్కుని చూసి, పెదవులు బిగించుకున్నాడు. వెనక బెంచీల మీద ఎవరో నవ్వారు.

వకీలు గట్టివాడు. తడబడలేదు. సరే, కేలండరు తప్పే అనుకుందాం, అసలు పటం ఉందా అని అడిగాడు. ఇచ్చింది. అతను ల్యాప్‌టాపు మీద అటూ ఇటూ జరిపి చూసి సంతోషపడ్డాడు. మడులున్నాయి, కాదనడంలేదు, ఆ గుట్టల్లోది పాత ఉప్పైనా కావచ్చు. ఆగస్టులో, ఉప్పు బాగా పండే నెలలో, సాయంత్రం పని వేళలో తీసిన పటం. ఒక్క మనిషి లేడు, ఒక్క పనిముట్టు లేదు. ఎప్పుడో వదిలేసిన మడులని ఈ అమ్మాయి పటమే చెబుతోంది అన్నాడు.

అంతా ఆమె వైపు చూశారు. ఆమె తమిళంలో చెప్పింది, కానీ తల్లికి తర్వాత చెప్పుకున్నది తెలుగులోనే, ఇదే మాట.

“ఆ మడుల్లో తొమ్మిదిమంది పని చేస్తా ఉండినారు. నేనే వాళ్ళని పక్కకి పొమ్మన్నాను. వాళ్ళుంటే నా పటం అందంగా ఉండదని.”

అబద్ధమాడుతోందని వకీలు లేచాడు. సబ్ కలెక్టరు ఆమెను అదే మాట రాసి సంతకం పెట్టమన్నాడు. పేరు, స్టూడియో చిరునామా, కేలండరు ఎవరు వేయించారో, పటం ఎవరు మార్పించారో అన్నీ రాయమన్నాడు. ఆమె రాసింది. బాలగోపాల గారి పేరు రాసేటప్పుడు పెన్ను ఆగలేదు. తీర్పు మాత్రం రాలేదు. పని మొదలయ్యే కాలంలో తానే వచ్చి చూసి నిర్ణయిస్తానని, అప్పటిదాకా కంపెనీ అర్జీ ఆగుతుందని సబ్ కలెక్టరు చెప్పాడు.

బయట వరండాలో తంగమ్మాళ్ ఆమె కోసం నిలబడి ఉంది. దర్శిని క్షమించమని అడగబోయింది. తంగమ్మాళ్ అడగనివ్వలేదు. ఆమె ముఖంలో కోపం ఉంది, అది దర్శిని ఊహించని రకం కోపం.

“నువ్వు అడిగినావు, మేము పక్కకి ఒదిగినాము. నిన్ను ఏమనేది పాపా? ఎవురు అడిగినా ఒదిగిపోతా ఉండాము. జీపు వస్తే ఒదుగుతాము, ఆఫీసరు వస్తే ఒదుగుతాము, పటం తీసేకి వస్తే కూడా ఒదిగినాము. ఈ మాట లోపల నువ్వు చెప్తా ఉంటే నాకే సిగ్గుగా ఉండింది.”

మిగతా ఎనిమిదిమందిలో ఎవరూ దర్శినిని ఓదార్చలేదు. బస్సు వస్తే ఎక్కి పోయారు.

ఆ వారంలోనే పెళ్ళి పని రద్దయింది. బాలగోపాల గారు స్వయంగా ఫోను చేయలేదు, మేనేజరు చేత మధురై నుంచి వేరేవాళ్ళను మాట్లాడామని చెప్పించారు. దానితో ఇంకో మూడు పెళ్ళిళ్ళు కూడా పోయాయి. గుడిలో ఎదురుపడినప్పుడు ఆయన చాలా మర్యాదగా, అమ్మ బాగుందా అని పంకజం గురించి అడిగి ముందుకు నడిచారు. దర్శినికి ఒళ్ళు మండింది గాని, ఈసారి ఆ మంటలో తనకు కూడా వాటా ఉంది.

ఫిబ్రవరి మధ్యలో, మాసి నెల మొదట్లో సబ్ కలెక్టరు సిప్పికాడు వచ్చాడు. వెంట సర్వేయరు, గుమస్తా, కంపెనీ మేనేజరు. దర్శిని ఖాళీ చేతులతో పోయి గట్టు మీద నిలబడింది. డ్రోను ఇంట్లోనే ఉంది. వాననీళ్ళు తోడేసి, ఆ ఏటికి మడులను సిద్ధం చేసే పని అప్పుడే మొదలైంది. అడుగు గట్టిపడాలని తడి మట్టిని కాళ్ళతో తొక్కాలి. తొమ్మిదిమందీ ఒక వరసలో నిలబడి, చీరలు మోకాళ్ళ పైకి దోపుకుని, చిన్న చిన్న అడుగులతో తొక్కుతున్నారు.

సర్వేయరు టేపు విప్పాడు. మడి అడ్డంగా కొలవాలి, వరస అడ్డంగా ఉంది. మంచిగానే అడిగాడు. అమ్మా, ఒక్క నిమిషం కొంచెం అటు జరగండి అన్నాడు.

ఎవరూ జరగలేదు. వినబడలేదేమోనని మళ్ళీ అన్నాడు. తొమ్మిది జతల కాళ్ళు అలాగే లేచి పడుతున్నాయి. సర్వేయరు గట్టు మీదున్న దర్శిని వైపు, మీరైనా చెప్పండి అన్నట్టు చూశాడు. ఆమె నోరు తెరుచుకుంది. అక్కా, ఒక్క నిమిషం అన్న మాట నాలుక చివరి దాకా వచ్చేసింది. ఎవరో మర్యాదగా అడిగితే పక్కవాళ్ళను జరపడం ఆమెకు అంత అలవాటైపోయింది. పళ్ళు బిగించి ఆ మాటను లోపలికి మింగింది.

తంగమ్మాళ్ తలెత్తకుండా తమిళంలో, జరగము అంది.

సర్వేయరు సబ్ కలెక్టరును చూశాడు. అతను తన చెప్పులు విప్పుతూ, చుట్టూ తిరిగి కొలవమన్నాడు. సర్వేయరు గొణుక్కుంటూ ప్యాంటు మడుచుకుని బురదలోకి దిగాడు. గుమస్తా కాగితాల అట్ట పట్టుకుని వరస పక్కనే నడుస్తూ, ఒక్కొక్కరినీ ఎన్నేళ్ళుగా ఇక్కడ పని చేస్తున్నారో అడిగి రాసుకోవడం మొదలుపెట్టాడు. ముందు పేరు చెప్పమన్నాడు. తంగమ్మాళ్ తొక్కడం ఆపకుండానే చెప్పింది.